వ్యాజ్యము – విజ్ఞత: స్వలింగ వివాహ వివాదంలో దొర్లిన పొరపాట్లు

2023 అక్టోబరు 17వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనం 'సుప్రియో' కేసులో తీర్పు వెలువరించింది. స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించుట తమ పని కాదనీ, అది పార్లమెంటు చేయవలసిన పని అనీ ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు. మన ప్రాంతంలో ఈ తీర్పుపై జరిగిన చర్చ రెండు మాటలతో ముగిసింది. మంచి పని జరిగిందన్నవారు అధికులు. అన్యాయం జరిగిందన్నవారు అల్పులు. ఉభయులలోనూ 366 పుటల ఆ తీర్పును తెరచి చూచినవారు మాకు కనబడలేదు.

ఇటువంటి విషయం మన కళాశాల వార్షిక సంచికకు తగునా అని కమిటీ పెద్దలు సందేహించవచ్చు. నికాహ్ స్త్రీ పురుషుల నడుమ జరిగే ఒడంబడిక అన్నది మన విశ్వాసం. అందులో మాకు సందిగ్ధం లేదు. అయితే ఆ విశ్వాసానికీ ఈ వ్యాజ్యానికీ సంబంధం లేదు. మత సంబంధమైన వైయక్తిక చట్టాల జోలికి పోమని ధర్మాసనం విచారణ మొదటి రోజునే, అనగా 2023 ఏప్రిల్ 18న, హద్దు గీచింది. నికాహ్ నికాహ్‌గానే ఉన్నది. మెహర్ మెహర్‌గానే ఉన్నది. వివాదమంతా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం గురించి జరిగింది. ఆ వివాదంలో రెండు పక్షాలవారూ చేసిన పొరపాట్ల ఫలితం, ఆ కేసుతో ఏ సంబంధమూ లేని మనవంటి వారి మీద కూడ పడుతున్నది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక చిన్న మాట. ఉర్దూ, తెలుగు కలిసి చదివే మన విద్యార్థులకు తెలియవలసిన మాట. తెలుగు కోర్టు భాష చాలవరకు మన ఉర్దూ నుండి వచ్చినదే. వకీలు, వకాల్తా, దావా, ఫిర్యాదు, జామీను ఇవన్నీ అట్లు వచ్చినవే. కాని ఒక్క మాట మాత్రం త్రోవలో తలక్రిందులైంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరారోపణకు గురియై బోనులో నిలిచినవాడు. ఇది భాషాశాస్త్రజ్ఞులకు వినోదం కలిగించే విషయమే గాని, న్యాయస్థానాల అనుభవం చూస్తే ఈ మార్పు వట్టి పొరపాటు కాదేమో అనిపిస్తుంది. దావా వేసినవాడు తన దావాను సరిగా రూపొందించుకోనిచో, విచారణ ముగిసేసరికి బోనులో ఉన్నది తానే అవుతాడు.

కీసర, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో పత్తి చేనికీ మిర్చి తోటకూ నడుమ గట్టు తగాదా లేని గ్రామం లేదు. గట్టు జరిపిన పొరుగువాని మీద రైతు కోర్టుకు పోతాడు. అతనికి కావలసినది స్వాధీనానికి భంగం కలుగకుండ ఒక ఇంజంక్షను. కాని ఎదుటివాడు భూమి హక్కునే కాదన్నప్పుడు ఒట్టి ఇంజంక్షను దావా నిలువదు. హక్కు ప్రకటన కూడ అడుగవలసి ఉంటుంది. 2008లో మన తెలుగు ప్రాంతం నుండి వెళ్ళిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని విశదపరచింది. అట్లే, ఇంజంక్షను చాలిన చోట హక్కు ప్రకటన అడిగి, పాత దస్తావేజులన్నీ రుజువు చేయలేక, ఉన్న స్వాధీనానికి కూడ ముప్పు తెచ్చుకున్నవారున్నారు. భూమి అతనిదే, సాక్షులున్నారు, ఊరంతటికీ తెలుసు. అయినా దావా కొట్టివేయబడింది. అడిగిన కోరిక తప్పు. రైతుకు ఇది సులభంగా బోధపడుతుంది. ఢిల్లీలోని మహా న్యాయవాదులకు బోధపడకపోవుట ఆశ్చర్యకరం.

సుప్రియో కేసు మూలం మన తెలుగు నేలలోనే ఉన్నది. హైదరాబాదులో కలసి జీవిస్తున్న ఇద్దరు పురుషులు 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు రిట్ పిటిషను సమర్పించారు. 2023 జనవరిలో వివిధ హైకోర్టులలో ఉన్న పిటిషన్లు కూడ సుప్రీంకోర్టుకు బదిలీ అయి, ఇరవై వరకు అర్జీలు ఒక్కచోట చేరినాయి. మార్చిలో అది ఐదుగురు సభ్యుల ధర్మాసనానికి నివేదింపబడింది. ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు సంజయ్ కిషన్ కౌల్, రవీంద్ర భట్, హిమా కోహ్లీ, పి.ఎస్. నరసింహ పది రోజులు వాదనలు విన్నారు. దేశంలో పేరుగాంచిన న్యాయవాదులు వాదించారు. వారి పాండిత్యానికి లోటు లేదు. లోటంతా వారు తట్టిన తలుపులో ఉన్నది.

ప్రత్యేక వివాహ చట్టం ఎట్టిదో చూడండి. 1872 నాటి పాత చట్టం క్రింద పెండ్లి చేసుకొనదలచినవారు తాము హిందువులము కాము, ముస్లిములము కాము అని ప్రకటన చేయవలసి వచ్చేది. 1923లో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులకు కొంత సడలింపు కలిగినా, ముస్లిములకు 1954 దాకా ఆ వెసులుబాటు లేదు. 1954 చట్టం వచ్చిన పిమ్మటనే ఎవరి మతంలో వారు ఉంటూ వేరొక మతస్థులను వివాహమాడుట సాధ్యమైంది. మతాంతర వివాహాల కోసం కట్టిన ఇల్లు అది. ఆ ఇంటి ప్రతి స్తంభం మీద స్త్రీ, పురుషుడు అన్న మాటలు చెక్కి ఉన్నాయి. 4వ సెక్షనులో పురుషునికి 21 సంవత్సరాలు, స్త్రీకి 18 సంవత్సరాలు. వరుస కుదరని బంధుత్వాల పట్టిక రెండు భాగాలు. ఒకటి పురుషునికి, ఒకటి స్త్రీకి. 27వ సెక్షనులో భార్యకు మాత్రమే లభించే విడాకుల కారణాలు. 36, 37 సెక్షనులలో భార్యకు మనోవర్తి.

ఇంత చట్టాన్ని 'స్త్రీ', 'పురుషుడు' బదులు 'వ్యక్తి' అనీ, 'భార్య', 'భర్త' బదులు 'జీవిత భాగస్వామి' అనీ చదువుకోవచ్చునని పిటిషనర్లు అన్నారు. వయస్సు మాట ఏమిటని న్యాయమూర్తులు అడిగినారు. ఇద్దరు పురుషులైతే 21, ఇద్దరు స్త్రీలైతే 18 అని ఒక సూచన వచ్చింది. మరి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులైతే? ఇద్దరు స్త్రీలు విడిపోయిన నాడు మనోవర్తి ఎవరు ఎవరికి ఇవ్వాలి? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క న్యాయవాది ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పుతూ పోతుంటే, కేంద్ర ప్రభుత్వపు సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతాకు శ్రమ తగ్గింది. నూట అరువది చట్ట నిబంధనలు తారుమారు అవుతాయని ఆయన లెక్క చెప్పినారు. ఆ లెక్కలో ఎంత నిజమున్నా లేకున్నా, ధర్మాసనానికి దిగులు కలిగించుటకు అది చాలింది.

అంతకంటె పెద్ద చిక్కు వారసత్వంలో ఉన్నది. వైయక్తిక చట్టాల జోలికి పోము, ప్రత్యేక వివాహ చట్టం ఒక్కటే చూద్దాము అన్నప్పుడు పిటిషనర్లు సంతోషించారు. అక్కడనే వారు లెక్క తప్పినారు. ఆ చట్టం వైయక్తిక చట్టాలతో పేనిన త్రాడు. సామాన్యంగా దాని క్రింద పెండ్లాడినవారికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. కాని ఇద్దరు హిందువులు పెండ్లాడితే 1976లో చేర్చిన 21-ఎ సెక్షను వారిని మరల హిందూ వారసత్వ చట్టానికే అప్పగిస్తుంది. ఒక పోగు లాగితే రెండవది కదలక మానదు. ఏ గోడ జోలికి పోవద్దని హద్దు గీచారో ఆ గోడలోనే తలుపు ఉన్నది. జస్టిస్ భట్ తీర్పులో ఈ విషయం విపులంగా చర్చింపబడింది.

పోనీ, స్త్రీ పురుషులకు మాత్రమే పరిమితమై ఉన్నందున ఆ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయండి అని అడిగితే? అప్పుడు నష్టపడేది మతాంతర, కులాంతర దంపతులు. వారికి ఆధారమైన చట్టం కూలిపోతుంది. స్వలింగ జంటల పట్ల సానుభూతి కలిగిన ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ సైతం ఈ ప్రమాదాన్ని చెప్పి వెనుకకు తగ్గినారు. కొట్టివేస్తే దేశం వెనుకటి కాలానికి పోతుంది. మాటలు చేర్చితే కోర్టు శాసనకర్త అవుతుంది. పిటిషను వ్రాసిన నాడే ఊహింపదగిన చిక్కు ఇది.

ఫలితం ఏమైనది? వివాహమాడుట రాజ్యాంగం హామీ ఇచ్చిన మౌలిక హక్కు కాదని ఐదుగురూ ఏకగ్రీవంగా అన్నారు. ఈ వాక్యాన్ని మన విద్యార్థులు నిదానంగా చదవాలి. స్వలింగ వివాహం మౌలిక హక్కు కాదని మాత్రమే వారు చెప్పలేదు. 2018లో కేరళకు చెందిన హదియా కేసులో, ఇస్లాం స్వీకరించి తన ఇష్టప్రకారం నికాహ్ చేసుకున్న యువతి పక్షాన, కోరినవారిని వివాహమాడే స్వేచ్ఛ 21వ అధికరణంలో అంతర్భాగమని ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు అట్లు వ్రాసినవారిలో జస్టిస్ చంద్రచూడ్ కూడ ఉన్నారు. సుప్రియో తీర్పుతో హదియా తీర్పు రద్దు కాలేదు. కాని ఆ మాటల వైశాల్యం తగ్గింది. చట్టమో ఆచారమో ముందే వివాహార్హత ఇచ్చినవారి మధ్య ఎంపిక స్వేచ్ఛగా దానిని ఇప్పుడు కుదించి చదువుతున్నారు. రేపు ఏ రాష్ట్ర శాసనసభయో మతాంతర వివాహాలకు కొత్త అడ్డంకులు కల్పించినప్పుడు, ప్రభుత్వ న్యాయవాది చేతిలో ఈ వాక్యం ఉండగలదు. పెండ్లి నోటీసును ముప్పది దినములు కార్యాలయపు గోడ మీద అంటించాలనే నిబంధన, దాని వలన మతాంతర జంటలకు కలిగే వేధింపు కూడ ఎప్పటివలెనే ఉన్నాయి. మంచి పని జరిగిందన్నవారు ఈ సంగతి ఎరుగరు.

తొందరపడి వేసిన పిటిషను ఎంత కాలం బాధిస్తుందో అమెరికా అనుభవం చెప్పుతుంది. మిన్నెసోటా రాష్ట్రంలో ఇద్దరు పురుషులు 1970లో వివాహ లైసెన్సు కోరి, నిరాకరింపబడి, కోర్టులకు పోయి, చివరకు దేశపు సుప్రీంకోర్టు చేరినారు. 1972 అక్టోబరు 10న ఆ కోర్టు ఒకే ఒక వాక్యంతో, విచారింపదగిన ముఖ్యమైన సమాఖ్య ప్రశ్న ఇందులో లేదని, అప్పీలును త్రోసివేసింది. వాదన వినలేదు; కారణాలు వ్రాయలేదు. కాని ఆనాటి అప్పీలు పద్ధతి ప్రకారం ఆ ఒక్క వాక్యమే క్రింది కోర్టులకు బంధకమైన తీర్పు అయింది. నలుబది ఏండ్లకు పైగా ప్రతి ప్రభుత్వ న్యాయవాదీ ఆ వాక్యాన్ని జేబులో పెట్టుకొని తిరిగినాడు. 2015 జూన్ 26న ఒబెర్గఫెల్ కేసులో గాని అది తొలగిపోలేదు.

దీనికి సరిగా ఎదురు ఉదాహరణ 2013 నాటి విండ్సర్ కేసు. భార్యగా స్వీకరించిన స్త్రీ మరణించగా, ఆమె ఆస్తి మీద 3,63,053 డాలర్ల పన్ను కట్టవలసి వచ్చిన ఒక వృద్ధురాలు, మగ భర్త చనిపోయి ఉంటే ఈ పన్ను కట్టవలసి వచ్చేదా అని ప్రశ్నించింది. అంతే. వివాహపు నిర్వచనం మార్చండి అని ప్రపంచాన్ని ఎత్తి భుజాన పెట్టుకోలేదు. పన్ను రసీదు చూపింది. కోర్టు ఆమె డబ్బు ఆమెకు ఇప్పించింది. ఆ తీర్పు ఆధారంగానే రెండేండ్లలో ఒబెర్గఫెల్ సాధ్యమైంది. ఆ పన్ను విధానం మంచిచెడ్డలు మనకు అనవసరం. కేసు వేసిన నేర్పు గమనింపదగినది.

మన దేశంలోనే, శిక్షాస్మృతిలోని 377వ సెక్షను చరిత్ర కూడ ఇదే చెప్పుతుంది. 2001లో నాజ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఢిల్లీ హైకోర్టులో దానిని సవాలు చేసినప్పుడు, ఆ సెక్షను వలన నేరుగా బాధపడినవాడెవరో ముందుకు రాలేదు. బాధితుడు లేని పిటిషను కేవలం పాండిత్య చర్చ అని 2004లో హైకోర్టు కొట్టివేసింది. 2006లో సుప్రీంకోర్టు దానిని తిరిగి విచారించమని పంపవలసి వచ్చింది. 2009లో గెలిచి, 2013 డిసెంబరు 11న కౌశల్ తీర్పుతో ఓడినారు. 2016లో ఐదుగురు వ్యక్తులు తమ పేర్లతో, తమ జీవితాలతో న్యాయస్థానం ముందు నిలిచినారు. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ జోహర్ తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. పేరు చెప్పి నిలిచిన ముద్దయీకీ, సంస్థ ముసుగున వచ్చిన ముద్దయీకీ ఎంత భేదమో చూడండి.

పొరపాట్లు ఒక పక్షానివే అనుకొనరాదు. 2012 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టులో అదనపు సొలిసిటర్ జనరల్ ఒకరు కేంద్రం పక్షాన లేచి, స్వలింగ సంపర్కం అనైతికమని గంభీరంగా వాదించారు. ఆనాడే హోం మంత్రిత్వ శాఖ ఆ వాదన తమది కాదని ప్రకటించింది. ప్రభుత్వానికి తన వకీలు ఏమి చెప్పుతున్నాడో తెలియదు. వకీలుకు తన ప్రభుత్వం ఏమి అనుకుంటున్నదో తెలియదు. మున్సిఫు కోర్టులో ఇట్టిది జరిగితే ఊరంతా నవ్వుకునేది. అమెరికాలో కాలిఫోర్నియా ప్రజలు 2008లో ఓటు వేసి స్వలింగ వివాహాన్ని నిషేధించగా, ఆ నిషేధాన్ని సమర్థించుటకు 2010 విచారణలో వారి పక్షం ఇద్దరే సాక్షులను తేగలిగింది. ఆ ఇద్దరిలో ఒకరు రెండేండ్ల తరువాత తన అభిప్రాయమే మార్చుకున్నారు. రుజువు చూపుట మన పని కాదు, లోకాచారమే మనకు సాక్ష్యం అనుకున్నవారికి జరిగినది అది.

సుప్రియో కేసులో కేంద్రం వేసిన అర్జీలో ఒక మాట ఉన్నది: ఇది నగరాలలోని ఉన్నత వర్గాల కోరిక అని. దీనికి ఆధారమైన లెక్కలేవి అని విచారణలో ప్రశ్న వచ్చింది, లెక్కలు రాలేదు. ఆ మాటను తీర్పు కూడ ఒప్పుకోలేదు. ఆ పక్షంవారు గెలిచినారు గాని, ఈ వాదం వలన గెలువలేదు.

జమియతుల్ ఉలమా ఎ హింద్ కూడ ఈ కేసులో చేరి పిటిషనర్లను వ్యతిరేకించింది. మత విశ్వాసం ప్రకారం అది వారి ధర్మం. మేము దానిని ఆక్షేపించము. కాని మన పక్షాన వినబడే వాదాలన్నిటికీ మనం తల ఊపనక్కరలేదు. కౌశల్ తీర్పులో, ఈ మనుషులు దేశ జనాభాలో అత్యల్ప భాగం కదా అన్న భావం ఒక కారణంగా కనబడుతుంది. ఈ మాటకు ఆనాడు మనలో కొందరు హర్షించారు. సంఖ్య తక్కువ గనుక హక్కు తక్కువ అన్న సూత్రం ఒకసారి న్యాయ గ్రంథాలలో స్థిరపడితే, దాని తరువాతి మెట్టు మీద ఎవరున్నారో ఆలోచించుకోవాలి. మన కళాశాల పేరులోనే 'మైనారిటీ' అన్న మాట ఉన్నది. 2017 ఆగస్టు 24న గోప్యతా హక్కు తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు ఈ ప్రశ్న వచ్చినప్పుడు, సంఖ్యాబలం హక్కుకు కొలబద్ద కాదని చెప్పబడింది. అందుకు మనమే ముందుగా సంతోషించవలసింది.

ఈ విషయంలో మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారిని స్మరించక తప్పదు. కేరళలో జెహోవా సాక్షులు అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు, జాతీయ గీతం పాడునప్పుడు గౌరవంగా లేచి నిలబడుతారు గాని తమ విశ్వాసం ప్రకారం పాడరు. బడి నుండి వెళ్ళగొట్టారు. 1986 ఆగస్టు 11న ఆయన ధర్మాసనం వారిని తిరిగి బడిలో చేర్చుకొమ్మని ఆదేశించింది. లెక్కకు రానంత చిన్న సమూహం కూడ రాజ్యాంగం నీడలో తన ఉనికిని కాపాడుకోగలిగినప్పుడే ప్రజాస్వామ్యం ప్రజాస్వామ్యమని ఆయన భావం. ఇందులో గమనింపదగినది మరొకటున్నది. పిల్లల తండ్రి జాతీయ గీతం గురించి సిద్ధాంతం చేయమని కోర్టును అడుగలేదు. పిల్లలను బడిలోకి రానివ్వమన్నాడు.

మన ఇంటి అనుభవమే ఇంకా దగ్గర ఉన్నది. 1985 ఏప్రిల్ 23 నాటి షాబానో తీర్పు నెలకు 179 రూపాయల 20 పైసల మనోవర్తికి సంబంధించినది. భర్త అప్పీలును కొట్టివేసి ఊరుకుంటే అది అక్కడితో ముగిసేది. కాని ఆనాటి ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం ఖుర్ఆన్ వాక్యాలకు వ్యాఖ్యానం చెప్పి, ఉమ్మడి పౌర స్మృతి తేలేదేమని ప్రభుత్వాన్ని కూడ మందలించింది. 179 రూపాయల కేసు మత స్వాతంత్ర్యపు కేసు అయి కూర్చున్నది. దేశమంతటా ఆందోళన చెలరేగింది. 1986లో కొత్త చట్టం వచ్చింది. గెలిచిన వృద్ధురాలు తన తీర్పునే వద్దనవలసిన స్థితికి నెట్టబడింది.

ఆ 1986 చట్టాన్ని సవాలు చేసినవారు షాబానో తరఫున వాదించిన వకీలు దానియల్ లతీఫీయే. 2001 సెప్టెంబరు 28న ఐదుగురు న్యాయమూర్తులు ఆ చట్టాన్ని కొట్టివేయలేదు. ఖుర్ఆన్‌కు వ్యాఖ్యానం చేయబూనలేదు. న్యాయమైన, సమంజసమైన ఏర్పాటు ఇద్దత్ కాలం 'లోపల' చేయాలని చట్టంలో ఉన్నది. ఇద్దత్ కాలం 'వరకు' సరిపడే ఏర్పాటు అని లేదు. కనుక ఆమె భవిష్యత్తుకంతటికీ సరిపోయే ఏర్పాటు ఆ గడువులోపల చేసి తీరాలి అన్నారు. ఒక్క విభక్తి ప్రత్యయం మీద నిలిచిన తీర్పు! వ్యాకరణం ఎందుకు పనికివస్తుందని అడిగే విద్యార్థులకు మేమిచ్చే సమాధానం ఇది. షాబానోకు దక్కనిది తరువాతి స్త్రీలకు దక్కింది, ఊరేగింపులు జరుగలేదు. 2024 జూలై 10న హైదరాబాదు నుండి వెళ్ళిన మరొక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సాధారణ క్రిమినల్ ప్రొసీజర్ చట్టపు 125వ సెక్షను క్రింద కూడ మనోవర్తి అడుగవచ్చునని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అప్పటి వివాదాంశం నెలకు పది వేల రూపాయల మధ్యంతర భృతి. 1985లో దేశాన్ని కుదిపిన ప్రశ్నకు 2024లో వార్తాపత్రికలలో రెండు రోజులు చోటు దొరికింది.

కాబట్టి స్వలింగ జంటల పక్షంవారు ఏమి అడిగి ఉండవలసింది అని మమ్ములను అడిగితే, వారికి నిత్యం ఎదురవుతున్న ఇబ్బందులనే అడిగి ఉండవలసింది అంటాము. ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి? శవాన్ని ఎవరికి అప్పగించాలి? భవిష్యనిధిలో ఎవరి పేరు వ్రాయాలి? ఒకే ఇంట ఉన్నవారికి రేషను కార్డు ఒకటా, రెండా? వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నిబంధన, ఒక్కొక్క అధికారి, ఒక్కొక్క నిరాకరణ పత్రం ఉంటాయి. సుప్రియో కేసులో ఇవి వివాహం అనే మహా కోరికకు వెనుక తోకలుగా చూపబడినాయి. ప్రధాన ప్రార్థనగా నిలువలేదు. వివాహ హక్కును నిరాకరించిన జస్టిస్ భట్ తీర్పే ఈ ప్రయోజనాలు దక్కకపోవుట వలన పరోక్ష వివక్ష కలుగుతున్నదని గుర్తించింది. తలుపు కొంచెం తెరచి ఉన్నది. వారు గోడను ఢీకొన్నారు.

తరువాత జరిగినది దీనిని రుజువు చేస్తున్నది. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామని కేంద్రం కోర్టుకు చెప్పి, 2024 ఏప్రిల్‌లో వేసింది. స్వలింగ జంటలను ఒకే కుటుంబంగా పరిగణించి రేషను కార్డు ఇవ్వాలనీ, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు ఆటంకం లేదనీ అదే సంవత్సరంలో కేంద్ర శాఖలు తెలియజేశాయి. తీర్పుపై వేసిన పునర్విచారణ అర్జీలను మాత్రం 2025 జనవరి 9న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులను అడిగి పొందలేనిదానిలో కొంత భాగం గుమాస్తాల సర్క్యులర్లతో చేతికి వచ్చింది.

మన రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులలో నడిచిన కేసులు ఇంకా చక్కని ఉదాహరణలు. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అనగా 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. (ఫసలీ అంటే ఏమిటో అడంగళ్ళు చూచిన రైతు బిడ్డలకు చెప్పనవసరం లేదు.) స్త్రీ వేషంతో వీధిలో కనబడితే వారంటు లేకుండ అరెస్టు చేయవచ్చు. దానిని గురిపెట్టి వేసిన పిటిషనులో తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆ చట్టాన్ని కొట్టివేసింది. సుప్రియో తీర్పు రాబోతున్న ఆ రోజులలోనే అది జరిగింది, దేశం గమనించలేదు.

2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్ పిటిషను వచ్చింది. విజయవాడలో తనతో కలసి జీవించదలచిన యువతిని ఆమె తండ్రి ఇంట నిర్బంధించారని మరొక యువతి ఫిర్యాదు. జస్టిస్ రఘునందనరావు, జస్టిస్ మహేశ్వరరావు ఆ యువతిని పిలిపించి అడిగినారు. ఆమె మేజరు, తాను ఎవరితో ఉండాలో తానే చెప్పింది. వెళ్ళనిమ్మన్నారు. తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదన్నారు. వివాహం, వారసత్వం, నూట అరువది నిబంధనలు ఏవీ చర్చకు రాలేదు. తల్లిదండ్రుల మనోవ్యధ మాకు అర్థమవుతుంది. అయినా ఇష్టం లేని మేజరు మనిషిని ఇంట బంధించే అధికారం ఏ తండ్రికీ చట్టం ఇవ్వలేదు. రేపు నికాహ్ చేసుకొనదలచిన అమ్మాయిని బంధించినా ఇదే మాట వర్తిస్తుంది.

చివరిది 2025 జూన్ నాటిది. ఒంగోలులో ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ, తనను వివాహమాడిన పురుషుడూ అతని తల్లిదండ్రులూ కట్నం కోసం వేధించారని 498-ఎ సెక్షను క్రింద ఫిర్యాదు చేసింది. పిల్లలు కనలేని ఆమె స్త్రీయే కాదు, కనుక ఆ సెక్షను ఆమెకు వర్తించదని ప్రతిపక్షం వాదన. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదాన్ని నిరాకరించారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీ పురుష వివాహబంధంలో ప్రవేశింపవచ్చునని సుప్రియో తీర్పులో ఐదుగురు న్యాయమూర్తులూ అంగీకరించి ఉన్నారు. ఆ అంశాన్ని ఆధారం చేసుకొని, ఆమె స్త్రీయేననీ, ఫిర్యాదు చేసే హక్కు ఆమెకున్నదనీ తీర్పు చెప్పినారు. ఓడిన కేసులో మిగిలిన ఒక్క గింజ ఒంగోలులో మొలిచింది. అయితే అదే తీర్పు చివర ఆ క్రిమినల్ కేసును కొట్టివేసింది. ఆరోపణలు నిర్దిష్టంగా లేవు, వాటికి తగిన ఆధారాలు లేవు అన్నది కారణం. దేశమంతటికీ ఉపయోగపడే న్యాయసూత్రాన్ని గెలిచిన స్త్రీ, తన సొంత కేసు పోగొట్టుకున్నది. ఫిర్యాదు వ్రాసిన నాడు తేదీలు, స్థలాలు, సాక్షుల పేర్లు ఓపికగా అడిగి వ్రాయించేవారు ఒకరు ప్రక్కన ఉండి ఉంటే, అది కనీసం విచారణ దాకా వెళ్ళి ఉండేదేమో.